సంతకం ఎవరిది? ప్రపంచ ఆరోగ్య రంగంలో వలస పాలన వారసత్వం

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు బిల్లుల గురించి కార్యదర్శిగారు ఇప్పుడే వివరంగా చెప్పారు. అవి విన్న చెవులకు ‘వలస పాలన వారసత్వం, ప్రపంచ ఆరోగ్యం’ వంటి మాటలు కాస్త బరువుగా తోచవచ్చు. ఈ వయసులో మనకు ఇవన్నీ ఎందుకు అని కూడా అనిపించవచ్చు. ఎందుకో చెప్పడానికే నిలబడ్డాను.

నేను డాక్టర్ను కాను. ఆరోగ్య శాఖ కార్యాలయంలో ముప్పయ్యేళ్ళకు పైగా ఫైళ్ళు నడిపినవాణ్ణి. ఫైలు తెరవగానే లోపలి విషయం కన్నా ముందు అడుగున సంతకం ఎవరిదో చూడటం మనందరికీ ఉద్యోగం నేర్పిన అలవాటు. ఖర్చు ఒకరిదై, కష్టం ఒకరిదై, సంతకం మాత్రం ఇంకొకరిదైతే ఆ ఫైలులో ఎక్కడో తిరకాసు ఉన్నట్టే. ప్రపంచ ఆరోగ్య రంగాన్ని కూడా ఆ గుమాస్తా కళ్ళతోనే చూద్దాం.

ముందుగా ఈ రోజు ప్రాముఖ్యాన్ని ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. తెల్లదొరలు 1871లో చేసిన పింఛన్ల చట్టం ప్రకారం పింఛను సర్కారువారు ఇచ్చే ప్రసాదం. ఇవ్వలేదని సివిల్ కోర్టులో దావా వేసే వీలు లేదు. స్వాతంత్ర్యం వచ్చి ఎన్నో ఏళ్ళు గడిచినా ఆ ధోరణి కార్యాలయాలను వదల్లేదు. 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీం కోర్టు తీర్పు చెబుతూ, పింఛను యజమాని ఇష్టాయిష్టాలపై ఆధారపడే దానం కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ తేల్చింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి మెరుగైన పింఛను సూత్రం వర్తించదంటూ గీసిన గీత చెల్లదని కూడా చెప్పింది. దయకూ హక్కుకూ ఉన్న దూరం ఎంతో మనకు తెలిసినంతగా మరెవరికి తెలుసు? ప్రపంచ ఆరోగ్య రంగంలో ఈనాడు నడుస్తున్న తగాదా కూడా సరిగ్గా అదే.

ఇక అసలు కథ మన సికింద్రాబాదు నుంచే మొదలవుతుంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యాధికారి రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టను కోసి, సూక్ష్మదర్శిని కింద మలేరియా క్రిమిని గుర్తించాడు. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నది అందుకే. ఆ దోమలకు రక్తమిచ్చినవాడు హుసేన్ ఖాన్ అనే రోగి. ఒక్కో దోమ కుట్టించుకున్నందుకు అతనికి ఒక అణా చొప్పున ముట్టింది. మర్నాటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద రాస్ చేసిన పరిశోధనకు మహమ్మద్ బక్ష్ వంటి సహాయకులు తోడ్పడ్డారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

రాస్ గొప్పతనాన్ని నేను తక్కువ చేయడం లేదు. అల్మోరాలో పుట్టి, మన ఎండల్లో చెమటోడ్చి, పై అధికారులు బదిలీలతో విసిగించినా పట్టు వదలని మనిషి ఆయన. కాని ఫైలు అడుగున చూడండి. జ్వరం ఇక్కడిది, రక్తం ఇక్కడిది, దోమ ఇక్కడిది. ఆ విద్యను నేర్పే కళాశాలలు మాత్రం 1898లో లివర్‌పూల్లో, 1899లో లండన్‌లో వెలిశాయి. లివర్‌పూల్ కళాశాలకు డబ్బిచ్చింది ఓడల వ్యాపారి ఆల్‌ఫ్రెడ్ జోన్స్. లండన్ కళాశాల వెనుక ఉన్నది వలస రాజ్యాల మంత్రి జోసెఫ్ చాంబర్లేన్. ఉష్ణమండల వైద్యం అనే శాస్త్రానికి అక్కడ పునాది పడింది. సైనికులు, దొరలు, తోట కూలీలు జ్వరం వచ్చి పడిపోకుండా చూడటం దాని మొదటి అవసరం. పల్లెల్లో చనిపోతున్న పసిపిల్లలు ఆ లెక్కలో చివరి వరుస.

అదే 1897లో మరో పని కూడా జరిగింది. బొంబాయిలో ప్లేగు చెలరేగగా ప్రభుత్వం అంటువ్యాధుల చట్టాన్ని హడావుడిగా తెచ్చింది. చట్టమంతా కలిపి నాలుగు సెక్షన్లు. అధికారికి ఏ చర్యనైనా తీసుకునే అధికారం ఇస్తుంది, ఆ అధికారిపై దావా వేయకుండా రక్షణ ఇస్తుంది. రోగికి ఏమివ్వాలో అందులో ఒక్క ముక్క లేదు. ఆ అండతో సైనికులు పుణే నగరంలో ఇళ్ళలో చొరబడి సోదాలు చేశారు. 2020లో కరోనా వచ్చినప్పుడు మన ప్రభుత్వాలు బీరువాలోంచి తీసింది కూడా ఆ చట్టాన్నే. ఆ ఏడాదే ఆరోగ్య సిబ్బందిపై దాడులు చేసేవారికి శిక్షలు కలుపుతూ దానికి సవరణ చేశారు. మూలం మాత్రం 123 ఏళ్ళ నాటిది.

అంతర్జాతీయ నిబంధనల పుట్టుక కూడా ఇలాంటిదే. 1851లో పారిస్‌లో మొదలైన పారిశుద్ధ్య మహాసభలకు ముఖ్యమైన చింత తూర్పు దేశాల కలరా ఐరోపా రేవుల్లో దిగకుండా, వ్యాపారం ఆగకుండా చూడటం ఎలా అని. కలరాతో మనం చస్తున్నామనే దానికన్నా, మన నుంచి వారికి వస్తుందేమోననే భయమే ఎక్కువ.

ఇన్నేళ్ళ పాలన చివరికి మనకు మిగిలిందేమిటో 1946లో భోర్ కమిటీ లెక్క తీసింది. సగటున 6,300 మందికి ఒక డాక్టరు, 43,000 మందికి ఒక నర్సు. కంటోన్మెంట్లలోను, సివిల్ లైన్లలోను మంచి ఆసుపత్రులు ఉన్నాయి. ఊళ్ళలో లేవు. మీలో ఆరోగ్య శాఖలోను, పంచాయతీ రాజ్‌లోను పనిచేసినవారికి ఆ ఖాళీని పూడ్చడానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో నేను చెప్పనక్కరలేదు.

‘అవన్నీ మూసేసిన ఫైళ్ళు కదండీ, ఇప్పుడెందుకు’ అంటారేమో. అయితే 2009కి రండి.

ఆ సంవత్సరం ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పధ్నాలుగేళ్ళ బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్.పి.వి. టీకా వేశారు. నడిపింది అమెరికాకు చెందిన ‘పాత్’ సంస్థ. భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం అందులో భాగస్వాములు. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకా విదేశీ కంపెనీది. బాలికల్లో చాలామంది హాస్టళ్ళలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని నిలిపివేసింది. ఇక్కడా, ఇలాంటి కార్యక్రమమే జరిగిన గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చునని విచారణ సంఘం చెప్పింది. ఆ మాటను మనం గౌరవించాలి. టీకా కూడా మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన టీకా అది. 2023లో అదే రోగానికి మన దేశంలోనే తయారైన టీకా కూడా విడుదలైంది.

మరి తిరకాసు ఎక్కడ? అంగీకార పత్రాల దగ్గర. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆంధ్ర ప్రదేశ్‌కు చెందిన 9,543 పత్రాలు పరిశీలిస్తే 2,763 పత్రాలపై సంతకం హాస్టల్ వార్డెన్లది. 1,948 పత్రాలపై వేలిముద్రలు. తల్లిదండ్రులు ఉండగా, కబురు పంపితే రాగలిగి ఉండగా, బిడ్డ ఒంట్లోకి సూది వెళ్ళడానికి వార్డెన్ సంతకం చాలని ఎవరనుకున్నారు? మిత్రులారా, ఈ పని చేసినవారు తెల్లదొరలు కారు, మన వ్యవస్థలోని మనవాళ్ళే. గిరిజనులకు మంచి చేస్తున్నాం కదా, ఇంక వారిని అడిగేదేముంది అన్న భావన దొరలతోపాటు ఓడెక్కి వెళ్ళిపోలేదు. మన కుర్చీల్లోనే కూర్చుని ఉంది. వలస వారసత్వం అని నేను అంటున్నది దీన్నే.

ఇప్పుడు మరో ఫైలు చూద్దాం. ఆఫ్రికాలో సెనెగల్ నుంచి ఇథియోపియా వరకు ఒక పట్టీలాగా సాగే ప్రాంతంలో ఎండాకాలం వచ్చిందంటే మెదడువాపు జ్వరాల్లో ఒకటైన ‘ఏ’ రకం మెనింజైటిస్ విజృంభించేది. దానికి మంచి టీకా తయారు చేయడం పెద్ద కంపెనీలకు గిట్టుబాటు కాలేదు. 2001లో ఇదే ‘పాత్’ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఒక పథకం చేపట్టాయి. దానికి కూడా డబ్బు గేట్స్ ఫౌండేషన్‌దే. అయితే ఈసారి వారు ముందుగా ఆఫ్రికా ఆరోగ్య శాఖల అధికారుల దగ్గరకు వెళ్ళి ‘మీకు ఎలాంటి టీకా కావాలి, ఎంత ధర పెట్టగలరు’ అని అడిగారు. డోసు అర డాలరు లోపు ఉంటేనే మా ప్రజలందరికీ వేయగలం అని వచ్చింది జవాబు. ఆ ధర చుట్టూనే పథకమంతా అల్లారు. సాంకేతిక విధానం అమెరికా ప్రభుత్వ ప్రయోగశాల నుంచి వచ్చింది. తయారు చేసింది పుణేలోని సీరం సంస్థ. పరీక్షలు మాలి, గాంబియా వంటి దేశాల్లో జరిగాయి. 2010 డిసెంబరులో బుర్కినా ఫాసోలో టీకా వేయడం మొదలైంది. ఆ తర్వాత కోట్లాది మందికి అందింది. ‘ఏ’ రకం జ్వరం ఆ ప్రాంతంలో దాదాపు మాయమైంది.

సంస్థ అదే, డబ్బిచ్చిన చేయి అదే, దశాబ్దం కూడా దాదాపు అదే. ఒకచోట పార్లమెంటు చీవాట్లు పెట్టింది, మరొకచోట ఒక రోగం కనుమరుగైంది. తేడా ఏమిటంటే ఒకచోట ఎవరికి వేస్తారో వారిని ముందు అడిగారు, రెండోచోట అడగకుండానే కాగితాలు పూర్తి చేశారు. కాబట్టి విదేశీయులంతా దోపిడీదారులనీ, మనవాళ్ళంతా అమాయకులనీ నేను అనడం లేదు. ఎవరిని ముందు అడుగుతారు, సంతకం ఎవరిది అన్నదాన్ని బట్టే భాగస్వామ్యం న్యాయమైనదో కాదో తేలుతుంది.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మన పెద్దలు అన్నారు. ఇండొనేషియాకు అచ్చంగా అదే అనుభవమైంది. బర్డ్ ఫ్లూ చెలరేగినప్పుడు ఆ దేశం తన రోగుల నుంచి తీసిన వైరస్ నమూనాలను నియమం ప్రకారం ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రయోగశాలలకు పంపింది. ఆ నమూనా ఆధారంగా ఆస్ట్రేలియా కంపెనీ ఒకటి టీకా తయారు చేస్తున్నదని తర్వాత తెలిసింది. మా వైరస్ ఉచితం, దాంతో చేసిన టీకా మాత్రం మేము కొనుక్కోవాలా అంటూ 2007లో ఆ దేశం నమూనాలు పంపడం ఆపింది. అప్పుడు చాలామంది దాన్ని తప్పుబట్టారు. కాని ఆ పట్టుదల ఫలితంగానే 2011లో ఫ్లూ వైరస్‌లు పంచుకునేవారికి టీకాల్లోనూ వాటా ఉండాలనే ఒడంబడిక వచ్చింది. అడగందే అమ్మైనా పెట్టదు.

కరోనా కాలం మీ అందరికీ గుర్తుంది. 2020 అక్టోబరులో భారతదేశం, దక్షిణాఫ్రికా కలిసి ఈ మహమ్మారి గడిచేదాకా టీకాల, మందుల పేటెంట్లను సడలించమని ప్రపంచ వాణిజ్య సంస్థను కోరాయి. అరకొర నిర్ణయం వచ్చేసరికి 2022 జూన్ అయింది. ఈలోగా సంపన్న దేశాలు తమ జనాభాకు మించిన డోసులకు ముందే ఒప్పందాలు చేసుకున్నాయి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించేవాడు వారి మనిషే అయ్యాడు, మొదటి బంతీ వారిదే అయింది. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా, బోట్స్వానా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్ రకాన్ని గుర్తించి నిజాయితీగా లోకానికి చెబితే, ఆ ప్రాంతపు విమానాలను ఆపేయడమే వారికి దక్కిన ప్రతిఫలం.

మన పిల్లలు లండన్‌లో ఉన్నవారికి మరో ముచ్చట గుర్తుండే ఉంటుంది. 2021 మార్చిలో పుణేలో తయారైన ఆక్స్‌ఫర్డ్ టీకా 50 లక్షల డోసులు బ్రిటన్‌కు వెళ్ళాయి. వారి భుజానికి ఆ టీకా పనికొచ్చింది. అదే టీకా ఇండియాలో వేయించుకుని వెళ్ళినవారిని మాత్రం సెప్టెంబరులో టీకా వేయించుకోనివారి కిందే లెక్కకట్టారు. మన ప్రభుత్వం కూడా ఎదురు నిబంధన పెట్టాక అక్టోబరు 11 నుంచి సరిదిద్దారు. మందు అదే, సీసా అదే. సర్టిఫికెట్ మీద సంతకం ఏ దేశానిదన్న దానిపైనే అనుమానమంతా.

అయితే న్యాయం మాట్లాడేటప్పుడు త్రాసు రెండు పళ్ళాలూ చూడాలి. 2021 వేసవిలో మన దగ్గర రెండో విడత కరోనా విరుచుకుపడినప్పుడు మనం టీకాల ఎగుమతి ఆపేశాం. మన టీకాల మీద ఆశ పెట్టుకున్న ఆఫ్రికా దేశాలు నెలల తరబడి ఎదురుచూశాయి. మన ఇల్లు కాలుతున్నది నిజమే. వారి నిరీక్షణ కూడా నిజమే. ప్రపంచానికి మందుల అంగడి అని చెప్పుకునే మనం, రేపు ఏ పేద దేశానికైనా దొరలాగా కనబడకుండా చూసుకోవాలి.

ఇక మన మాత్రల డబ్బా సంగతి. బి.పి.కి, షుగరుకు, కొలెస్టరాల్‌కు మనం నెల నెలా కొనే మాత్రలు పింఛనులో కొనగలిగేటట్టు ఉన్నాయంటే దాని వెనుక కూడా ఒక సంతకం ఉంది. దొరల కాలపు 1911 పేటెంట్ చట్టం మందు మీదనే గుత్తాధికారం ఇచ్చేది. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా పార్లమెంటు 1970లో కొత్త చట్టం చేసింది. మందుకు కాక తయారు చేసే పద్ధతికే పేటెంటు అన్నది. మన రసాయన శాస్త్రజ్ఞులు వేరే పద్ధతుల్లో అవే మందులు చేశారు. హైదరాబాదులో సోవియట్ సాంకేతిక సహకారంతో నెలకొన్న ఐ.డి.పి.ఎల్. కర్మాగారం తర్వాత నష్టాల పాలై ఆగిపోయినా, అక్కడ పని నేర్చినవారు ఊరంతా మందుల కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపకులు కల్లం అంజిరెడ్డిగారు అక్కడ పనిచేసినవారే. వస్తువుతోపాటు విద్య కూడా చేతికిచ్చిన సహకారం అది. ఆ విద్య ఫలితం మనకే పరిమితం కాలేదు. 2001లో సిప్లా సంస్థ ఎయిడ్స్ మందులను ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానన్నది. అప్పటిదాకా వాటి ధర పది వేల డాలర్లు దాటి ఉండేది. 2005 నుంచి మనకూ మందు మీద పేటెంట్ తప్పలేదు. అయినా పాత మందుకు చిన్న మార్పు చేసి కొత్త పేటెంటు అడిగితే కుదరదని చట్టంలో ఉంచుకున్నాం. రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ కేసులో 2013 ఏప్రిల్ 1న సుప్రీం కోర్టు దాన్ని నిలబెట్టింది.

దయ మీద నడిచేది ఎంత గట్టిదో 2025లో లోకమంతా చూసింది. జనవరిలో అమెరికా విదేశీ సహాయాన్ని ఒక్క ఉత్తర్వుతో ఆపింది. జూలై 1 నాటికి యు.ఎస్. ఎయిడ్ సంస్థే మూతపడింది. ఆఫ్రికాలో ఎన్నో హెచ్.ఐ.వి. కేంద్రాల్లో పని అస్తవ్యస్తమైంది. ఆ సహాయం లక్షల ప్రాణాలు కాపాడిందన్నది నిజం. ఇచ్చిన చేయి వెనక్కి తీసుకుంటే అడిగే హక్కు పుచ్చుకున్నవారికి లేకపోయిందన్నదీ నిజం. 1871 నాటి మన పింఛనులాగా. అదే ఏడాది మే 20న ప్రపంచ ఆరోగ్య మహాసభ మహమ్మారుల ఒడంబడికను ఆమోదించింది. మహమ్మారి వస్తే కంపెనీలు తమ ఉత్పత్తిలో 20 శాతం వరకు, అందులో కనీసం సగం ఉచితంగా, ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందించాలనేది అందులోని ఆలోచన. నమూనాలు ఇచ్చినవారికి లాభం పంచే పద్ధతి మాత్రం ఆ రోజుకు తేలక తర్వాతి చర్చలకు వదిలారు. నకారా తీర్పు కూడా ఒక్కరోజులో రాలేదు కదా.

మరి మనం చేయగలిగిందేమిటి? జెనీవాలో మనకు కుర్చీ లేకపోవచ్చు. హైదరాబాదులో, విశాఖలో, మన జిల్లా కేంద్రాల్లో ఉంది. కొత్త మందుల పరీక్షలు జరిగే ఊళ్ళు ఇవి. షుగరు, గుండె జబ్బుల మందుల పరీక్షకు మన వయసువారిని తరచుగా అడుగుతారు. భయపడి పారిపోవద్దు, పరీక్షలు లేనిదే మందులు లేవు. అలాగని డాక్టరుగారు చెప్పారు కదా అని కళ్ళు మూసుకుని సంతకం పెట్టవద్దు. పత్రం తెలుగులో ఇమ్మని అడగండి. ఇంటికి తెచ్చుకుని పిల్లలతో చదివించుకోండి. తేడా వస్తే వైద్యం ఎవరు చేయిస్తారు, పరిహారం ఎవరిస్తారు, రక్తం నమూనా ఎక్కడికి వెళుతుంది, మందు ఫలిస్తే ఇక్కడివారికి కొనగలిగిన ధరకు దొరుకుతుందా అని అడగండి. మధ్యలో మానుకునే హక్కు ఉందని తెలుసుకోండి. ఇవి మనం కోరే దయలు కావు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ పరీక్షల నిబంధనలు అర్థమయ్యే భాషలో వివరణ, గాయానికి ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలనే చెబుతున్నాయి.

ఇంకొక్క మాట. అవే నిబంధనల ప్రకారం పరీక్షలను అనుమతించే ఎథిక్స్ కమిటీలో వైద్యులతోపాటు ఒక సామాన్య పౌరుడు తప్పనిసరిగా ఉండాలి. జీవితమంతా ఫైళ్ళు చదివి, లొసుగు ఎక్కడుందో వాసన పట్టగలిగిన మనకన్నా ఆ కుర్చీకి తగినవారెవరు? మన సంఘం తరఫున జిల్లాలోని ఆసుపత్రులకు ఉత్తరం రాసి, ఆసక్తి ఉన్న సభ్యుల పేర్లు పంపాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. అంగీకార పత్రంలో వార్డెన్ సంతకం కనబడితే ‘తల్లిదండ్రులను అడిగారా?’ అని అడిగే మనిషి ఒక్కరు ఆ గదిలో ఉంటే చాలు, ఆ ఫైలు అక్కడే ఆగుతుంది.